నాలుగు గంటల దగ్గర మచ్చ

బుధవారం, ఓడ మీంచి

మా ఇంటి పెద్దకోడలికి, చిన్నకోడలు బోలెడంత ప్రేమతోనూ కొంచెం భయంతోనూ రాస్తున్నది.

అక్కా,

తోడికోడళ్లన్నాక ఎడమొహం పెడమొహంగా ఉండాలి గానీ, ఇలా కవర్ల మీద కవర్లు రాసుకోవడమేమిటని నీ మరిది వెక్కిరిస్తాడు. వెక్కిరించనీ. వారానికి ఒకసారి దొరికే పది నిమిషాల ఫోనులో నీతో ఏం మాట్లాడను? వరసలో నా వెనకే బావగారు నిలబడి ఉంటారు. నేను చెప్పాల్సింది ఆయన గురించే. అందుకే ఈ కాగితం. సామాను పడవ ఎప్పుడొస్తే అప్పుడు నీకు చేరుతుంది.

ముందు నువ్వడిగిన దానికి జవాబు. "సముద్రం మధ్యలో కూర్చుని ఏం చేస్తావే నువ్వు?" అన్నావు కదా. ఈ ఓడ కడుపులో పొడవాటి షెడ్డు ఒకటి ఉంది. ముక్కు వైపు నుంచి ఇనప గొట్టాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక్కోటి రెండు చేతులూ చాచి కౌగిలించుకునేంత లావు. మెషిన్లు వాటిని వరసగా అతుకుతాయి. ఎనిమిది నిమిషాలకొకసారి ఓడ ఒక గొట్టం పొడవు ముందుకి జరుగుతుంది, అతికింది అంత పొడవూ తోక వైపు నుంచి నీళ్లలోకి జారుతుంది. సముద్రం అడుగు రెండు కిలోమీటర్ల కింద ఉంది. అంటే ఎప్పుడు చూసినా అంత గొట్టమూ ఓడకి వేలాడుతూనే ఉంటుంది. ఇంత లోతులో లంగరు పనికిరాదు. ఓడ తన పంకాలు తనే తిప్పుకుంటూ, గాలి తోసినా కెరటం తోసినా ఉన్నచోటే నిలబడుతుంది. బావగారు పనిలో చేరిన రోజుల్లో ఇంత లోతున గ్యాస్ గొట్టం వేస్తామంటే నవ్వేవారట. పైనున్న నీళ్ల బరువుకి గొట్టం రేకు డబ్బాలా నలిగిపోతుందని. ఇప్పుడు గొట్టం గోడే రెండు వేళ్ల మందం.

ఆ అతుకులు బాగున్నాయో లేదో చూడటం నా పని. నా క్యాబిన్ మన బాత్రూమంత ఉంటుంది. అతుకు చుట్టూ ఒక పట్టీ బిగిస్తారు, దాని మీద ఒక చిన్న బండి తిరుగుతూ ఇనుములోకి శబ్దం పంపిస్తుంది, తిరిగొచ్చిన శబ్దం నా స్క్రీన్ మీద రంగులుగా పడుతుంది. అంతా ఆకుపచ్చగా ఉంటే మంచి అతుకు. ఎర్ర మచ్చ పడితే లోపల ఎక్కడో అతుక్కోలేదన్నమాట. గొట్టం గుండ్రం కాబట్టి చోటుని గడియారం లెక్కలో చెప్తాం, పైన పన్నెండు, అడుగున ఆరు. నేను ఓడ లోపలి ఫోనులో గంట చెప్తాను. బావగారు ఆ చోట గ్రైండరుతో కోసి, చేత్తో మళ్లీ వెల్డింగ్ నింపుతారు. "చెప్పమ్మాయ్" అంటారు, చెప్తాను, "సరే" అంటారు. మా మధ్య మాటలంతే. ఇంట్లో ఆయన హాల్లోకి వస్తే నేను వంటింట్లోకి జారుకునేదాన్ని చూడు, ఆ అలవాటు సముద్రం మీద కూడా పోలేదు. ఆయన రిపేర్లు చేసే స్టేషన్ వైపు నేను అడుగే పెట్టను. నిజం చెప్పొద్దూ, గొట్టాన్ని కళ్లారా చూసి నెల దాటింది.

ఇక అసలు సంగతి. నీకు చెప్పొద్దన్నారు. చెప్తున్నాను.

ఈ కొత్త వెల్డింగ్ మెషిన్లకి కళ్లున్నాయక్కా. కెమెరాతో చూసుకుంటూ, తప్పు వెళ్తుంటే తమంతట తామే సర్దుకుంటాయి. పోయిన నెలంతా కలిపి నాలుగే మచ్చలు. అవి కూడా పన్నెండు దగ్గరో ఆరు దగ్గరో, అంటే రెండు మెషిన్లు పైన మొదలై కింద కలిసే చోట. మా ఫోర్‌మన్‌ని అందరూ "ఇంకెంతసేపు" అని పిలుస్తారు, ఆయన నోట్లోంచి ఆ మాట తప్ప ఇంకోటి రాదు కాబట్టి. ఆయన మీటింగులో తేల్చేశాడు, ఈ గొట్టం లైను పూర్తయ్యాక చేతి రిపేరు పోస్టు తీసేస్తారట. బావగారు అక్కడే ఉన్నారు. టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. బయటికొచ్చాక నాతో, "మీ అక్కకి ఇప్పుడే చెప్పకమ్మా, వచ్చాక నేనే చెప్తాను" అన్నారు. ఆయన చెప్పరని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నన్ను సముద్రం మీదికి పంపించడానికి వీల్లేదని అత్తయ్య, నీ మరిది, చివరికి ఎదురింటివాళ్లు కూడా పట్టుబట్టిన రోజున, "చదువుకున్న పిల్ల, పంపండి" అన్నది ఆయనొక్కరే. అది నేనెలా మర్చిపోను? మీటింగు అయిన దగ్గర్నుంచీ నాకేదో అయింది. అతుకు స్క్రీన్ మీదికి వచ్చేసరికి, ఒక మచ్చ కనిపిస్తే బాగుండును అనిపిస్తోంది. నా పని తప్పు వెతకడమే గానీ తప్పు జరగాలని కోరుకోవడం కాదు కదా! అక్కా, ఇది మంచితనమా, పాడుబుద్ధా? నాకు తెలియడం లేదు. నువ్వైనా చెప్పు.

నీ
చిన్నది


శుక్రవారం, మధ్యాహ్నం

అక్కా, నా తల్లీ,

సామాను పడవ ఇంకా రాలేదు. బుధవారం నాటి కవరు నా దిండు కిందే ఉంది. ఇది కూడా దాని పక్కనే పడుకుంటుంది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది, అందుకే రాస్తున్నాను. ఓడ ఆగిపోయింది. నా వల్లే.

పొద్దున పదింటికి ఒక అతుకు వచ్చింది. స్క్రీన్ మీద నాలుగు గంటల దగ్గర ఎర్ర మచ్చ, అరచేతి పొడవు. పైనా కాదు, కిందా కాదు, గొట్టం పక్కన. అక్కడ మచ్చ పడటం ఈ ఓడ మీద నేనెప్పుడూ చూడలేదు. నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పనా? భయంతో కాదు. సంతోషంతో! "బావగారికి పని దొరికింది" అనుకున్నాను. ఆ సంతోషం చూసుకుని వెంటనే సిగ్గేసింది. రెండోసారి స్కాన్ చేయించాను. మచ్చ ఉంది. ఫోను తీసి, "నాలుగు గంటల దగ్గర, అరచేతి పొడవు, సగం లోతులో" అన్నాను. "సరే" అన్నారు.

ఇరవై నిమిషాలకి ఫోను మోగింది.

"ఏమీ లేదమ్మాయ్. సగం లోతు దాటి కోశాను. శుభ్రంగా ఉంది."

"ఇంకొంచెం చూడండి."

"చూశాను. లేదు."

ఫోర్‌మన్ "ఇంకెంతసేపు" వచ్చాడు. ఆ మాట అన్నాడు కూడా. కోసిన చోట నింపెయ్యమన్నాడు, నింపారు. చల్లారాక మళ్లీ స్కాన్ చేశాను. అక్కా, అదే మచ్చ, అదే చోట, అదే పొడవు! ఇప్పుడే కొత్త ఇనుము పోసిన చోట పాత మచ్చ ఎలా వస్తుంది? పైగా, ఇంతకుముందు పచ్చగా ఉన్న ఎనిమిది గంటల దగ్గర ఏదో మసక మసగ్గా కనిపిస్తోంది. మెషిన్ పాడయిందేమోనని పరీక్ష ముక్క పెట్టి చూశాం. కావాలని తప్పులు పెట్టి తయారుచేసిన గొట్టం ముక్క అది. ఏ తప్పూ వదలకుండా చూపించింది. మెషిన్ బాగుంది. బావగారి చెయ్యి సంగతి నీకు తెలుసు, ముప్పై ఏళ్లలో ఆయన కోతలో దొరక్కుండా పోయిన తప్పు లేదు. మెషిన్ అబద్ధం చెప్పదు, బావగారు అబద్ధం చెప్పరు. ఇంక మిగిలింది నేనే కదా?

"ఇంకెంతసేపు" నా క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి, పదిమంది వినేలా అన్నాడు, "రిపేర్లు లేకపోతే మీ బావగారు ఇంటికెళ్లాలి. నాకు తెలుసులే. ఇంటి దొంగని ఎవరు పట్టగలరు!"

నేను స్క్రీన్ వైపు తిరిగిపోయాను. ఎందుకంటే అందులో సగం నిజం. నేను మచ్చ కోరుకున్న మాట నిజమే కదా. కోరుకున్నంత మాత్రాన స్క్రీన్ మీద రంగు మారుతుందా? మారదు. మరి ఏ రంగుని ఎరుపనాలో, ఏది దాటితే తప్పనాలో తేల్చేది నేను కాదా? ఇప్పటికి ఆ బొమ్మ వందసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఎర్రగానే ఉంది. ఎర్రగానే ఉందా? ఏమో, ఇప్పుడు నీకు రాస్తుంటే నమ్మకం పోతోంది.

ఆ తర్వాత బావగారి ఫోను వచ్చింది. "అమ్మాయ్, నిజంగా ఉందా? నా మీద జాలిపడి అనడం లేదు కదా?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఉంది" అన్నాను. పెట్టేశారు. ఆయన నన్ను నమ్మారో లేదో తెలియదు. నన్ను నేనే నమ్మడం లేదు, ఆయన్ని ఏం అడగను?

నాకు గంట టైమిచ్చారు. అతుకు బాగుందని సంతకం పెట్టాలి, లేదా పనికిరాదని రాసి మొత్తం అతుకుని కోయించాలి. కోస్తే రేపటిదాకా ఓడ కదలదు, కోసిన ముక్కలో మచ్చ లేకపోతే ఇద్దరం కలిసి నాటకమాడామని ఖాయమైపోతుంది. ఇద్దరినీ ఒకే పడవ ఎక్కిస్తారు. సంతకం పెడితే ఏ గొడవా లేదు. అతుకు నీళ్లలోకి జారిపోతుంది, రెండు కిలోమీటర్ల అడుగున ఎవరు చూడొచ్చారు? కానీ మచ్చ నిజమైతే? దిగేటప్పుడు గొట్టం వంగుతుంది, వంగిన చోట అది నోరు తెరిస్తే? ఇవాళ తెరవకపోయినా ఐదేళ్లకో పదేళ్లకో, గ్యాస్ నిండా పారుతున్నప్పుడు? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఈ సామెత చెప్పి నువ్వు నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఇంకా పాతిక నిమిషాలుంది. పెన్ను రెండుసార్లు కాగితం దాకా వెళ్లి వెనక్కొచ్చింది. నేను కిందికి వెళ్తున్నానక్కా. ఆ గొట్టం దగ్గర నిలబడి, బావగారి మొహం చూసి అడుగుతాను. తిడితే తిట్టనీ.

నీ చెల్లెలు,
మెట్లు దిగబోతున్నది


శనివారం

బంగారు అక్కకి,

నిన్న నేను స్టేషన్‌లోకి వెళ్లేసరికి బావగారు ఒక్కరే ఉన్నారు, తోటి మనిషి టీకి వెళ్లాడు. గ్రైండరు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఇంట్లో ఆయన్ని చూసి లేచేది నేను, ఇక్కడ ఆయన లేవడం చూస్తే నాకేదోలా అయిపోయింది. "నాలుగంటే ఎక్కడ కోశారో చూపించండి" అన్నాను.

ఆయన ఓడ ముక్కు వైపు తిరిగి నిలబడ్డారు. గొట్టానికి తన కుడి పక్కన మెరుస్తున్న కొత్త వెల్డింగ్ మీద వేలు పెట్టారు. "ఇదిగో, నాలుగు."

నేను తోక వైపు తిరిగి ఉన్నాను. నా నాలుగు నా కుడి చేతి వైపుంది. ఇద్దరం ఎదురెదురుగా ఉన్నాం. ఆయన కుడి వేరు, నా కుడి వేరు.

ఇద్దరికీ ఒకేసారి అర్థమైందో, ఆయనకే ముందు అర్థమైందో చెప్పలేను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈ ఓడ మీద గడియారం తోక వైపు చూస్తూ చదవాలి. పాత ఓడల మీద ముక్కు వైపు చూస్తూ చదివేవారట, ఆయన కూడా అలాగే చదువుతూ వచ్చారు. పన్నెండు ఎటు నిలబడి చూసినా పైనే, ఆరు ఎటు చూసినా కిందే. అందుకే ఇన్నాళ్లూ తేడా రాలేదు. నిన్న మొదటిసారి పక్కన మచ్చ పడింది. నా నాలుగుని ఆయన తన నాలుగనుకుని, నా ఎనిమిది దగ్గర మంచి ఇనుముని కోశారు. నాకు మసకగా కనబడింది ఆయన పోసిన కొత్త వెల్డింగే.

ఆయన గొట్టం చుట్టూ తిరిగి ఇవతలికొచ్చి, మొహానికి అద్దం దించుకుని గ్రైండరు ఆన్ చేశారు. సగం లోతుకి వెళ్లేసరికి సన్నటి నల్లగీత బయటపడింది, అరచేతి పొడవు. నాకు ఏడుపొచ్చింది. మచ్చ ఉన్నందుకు ఏడ్చానో, నేను పిచ్చిదాన్ని కానందుకు ఏడ్చానో. ఆయన నింపారు. స్కాన్ చేస్తే అతుకంతా పచ్చగా వచ్చింది. సంతకం పెట్టాను. ఓడ కదిలింది.

ఇప్పుడు నేను చేసింది విను. రిపోర్టు రాయాలి కదా. ఎటు నిలబడాలో కూడా తెలియకుండా ముప్పై ఏళ్ల వెల్డరు మంచి అతుకుని కోశాడని రాస్తే, పోస్టు పోవడం మాట అటుంచు, మెస్సులో గరిటె పట్టుకున్నవాడు కూడా ఆయన్ని చూసి నవ్వుతాడు. అందుకని, "నాలుగు అనబోయి పొరపాటున ఎనిమిది అన్నాను, వెల్డరు చెప్పిన చోటే కోశాడు" అని రాశాను. ఫోనులో ఏమన్నానో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. "ఇంకెంతసేపు" నమ్మాడు. లైను పూర్తయ్యేదాకా నా సంతకం చెల్లదు, ఇంకొకాయన పక్కన కూర్చుని చూస్తుండాలి. రిపోర్టు మెస్సు బోర్డు మీద అంటించారు.

మంచి పని చేశానా? నిన్న మచ్చ ఉందా లేదా అని తికమక పడ్డాను, ఇవాళ అబద్ధం మంచిదా చెడ్డదా అని. కడుపులో చల్లగా ఉంది, నోట్లో చేదుగా ఉంది. బావగారు నావైపు చూడటం లేదు. నువ్వు మాత్రం ఈ ముక్క ఆయన దగ్గర జన్మలో ఎత్తకు. నా మీద ఒట్టు.

నీ
చిన్నది


సోమవారం, సామాను పడవలో

మా ఇంటి మేస్త్రికి,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా ఆ అవసరం రానివ్వలేదు, ఫోనులో "ఊఁ" అనేసి పెట్టేసేవాణ్ణి. తప్పులుంటే సర్దుకో. పడవ ఊగుతోంది, అక్షరాలు అందుకే వంకర. కొన్ని ఊరికే కూడా వంకర.

నీ చెల్లెలు రాసిన కవర్లు మూడు నా సంచీలో ఉన్నాయి. పడవ ఎక్కుతుంటే వేరే దారి లేక, మొహం పక్కకి తిప్పుకుని నా చేతికే ఇచ్చింది. విప్పలేదు. వాటిలో ఏముందో కొంత ఊహించగలను. ముందు నాది చదువు.

శుక్రవారం నేను గొట్టానికి తప్పు వైపు కోశాను. ఆ అమ్మాయి నాలుగే అంది. ఎనిమిది అనలేదు. ఓడ ఎక్కిన రోజున గడియారం ఎటు చూసి చదవాలో ఒక కాగితం ఇచ్చారు. నాకు తెలియందేముందిలే అని చదవకుండా సంతకం పెట్టాను. అదీ జరిగింది. ఆదివారం పొద్దున మెస్సులో బోర్డు మీద ఆ అమ్మాయి రిపోర్టు చదివాను. చదివి కూర్చుని తిన్నాను కూడా. ఎవరూ నన్నేమీ అనలేదు. హాయిగా ఉందనిపించింది. నీ దగ్గర దాచడం ఎందుకు, అరపూట హాయిగానే ఉన్నాను.

మధ్యాహ్నం దాని క్యాబిన్ ముందునుంచి వెళ్తుంటే లోపల స్క్రీన్ మీద ఏదో చూపించి, "ఇక్కడ కొంచెం తేడాగా ఉందండీ" అంటోంది. పక్కనున్నాయన నవ్వి, "నాలుగా, ఎనిమిదా?" అన్నాడు. అది తల దించుకుంది. ఇంకేమీ చెప్పలేదు. ఆ అతుకు ముందుకి వెళ్లిపోయింది.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నన్ను చూసి నలుగురు నవ్వితే నాకు పోయేదేముంది, వారం రోజుల తలనొప్పి. కానీ దాని మాట అబద్ధమని కాగితం మీద ఉంటే, రేపు నిజంగా తప్పు కనిపించి అరిచినా ఎవడు వింటాడు? మెషిన్లకి ఎన్ని కళ్లు పెట్టినా, ఇది బాగాలేదు ఆపండి అని అనగలిగే మనిషి ఒకరుండాలి. మాట పోయాక ఆ మనిషి ఎందుకు? వేసిన గొట్టం నలభై ఏళ్లు అడుగున ఉంటుంది. నా పరువు నాలుగు రోజులది.

ఫోర్‌మన్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇంకెంతసేపు సాగదీస్తారయ్యా ఈ నాలుగు, ఎనిమిది?" అని నెత్తి బాదుకున్నాడు. తర్వాత, తోక దాకా వెళ్లిపోయిన ఆ అతుకుని వెనక్కి లాగించాడు. మళ్లీ స్కాన్ చేస్తే తేడా ఏమీ లేదు, బాగుంది. అయినా లాగించాడు చూడు, అది చాలు నాకు. బోర్డు మీద కాగితం చింపి, నేను చెప్పింది రాసి అంటించాడు. అమ్మాయి సంతకం మళ్లీ చెల్లుతుంది. నన్ను మాత్రం పడవెక్కమన్నాడు, లైను పూర్తయ్యేదాకా కూడా ఉండక్కర్లేదన్నాడు. వచ్చే ముందు స్టేషన్ గోడ మీద ఎర్ర పెయింటుతో పెద్ద గడియారం గీశాను, ఎటు నిలబడాలో బాణం గుర్తు కూడా పెట్టాను. ఈ లైను అయ్యేదాకా నా చోట నిలబడేవాడు మాట పడకూడదు.

నాకు పని పోయిందని దాని కవర్లలో ఉండే ఉంటుంది. నిజమే. ఈ లైనులోనే కాదు, ఇక ఏ లైనులోనూ చేతి రిపేరు ఉండదు. నెలరోజులుగా తెలుసు. నీకు చెప్పాలని ఫోను పట్టుకున్న ప్రతిసారీ నోటి దాకా వచ్చి ఆగిపోయేది. చేతిలో పని లేని నన్ను నువ్వెప్పుడూ చూడలేదు. నాకు నేనే కొత్తగా ఉన్నాను. భయంగా ఉంది.

ఎదురుగా కూర్చుని ఇవన్నీ నీతో అనలేను. అందుకే ఇంటికి రాగానే ఈ కాగితం నీ చేతిలో పెట్టి స్నానానికి వెళ్తాను. తువ్వాలు మర్చిపోయి వెళ్తాను. నువ్వు తొందరపడొద్దు, నిదానంగా చదువు. కోపం వస్తే ఇంకోసారి చదువు. చదవడం అయ్యాక తువ్వాలు తెచ్చి తలుపు కొట్టు. ఎంతసేపైనా లోపలే ఉంటాను.

నీ
మనిషి